మా అమ్మ పలకని పేరు

నా పేరు సుబ్బారావు అని నాకు మొట్టమొదట తెలిసింది ఒకటో క్లాసు హాజరుపట్టీలో. అంతకుముందు ఇంట్లో ఎవరూ నన్ను ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. మేష్టారు సుబ్బారావు అని పిలిస్తే ఎవడో లేచి పలుకుతాడు కదా అని నేనూ అందరితో పాటు చుట్టూ చూస్తున్నా, ఆయన రెండోసారి పిలిచి మూడోసారికి నా దగ్గరికే వచ్చి చెవి మెలిపెట్టి "నీ పేరేరా ఇది" అన్నారు. ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్తే మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వి "అవున్నాన్నా, నీ పేరు అదే" అంది. అప్పుడు కూడా ఆ పేరు మాత్రం నోటితో అనలేదు.

ఎందుకంటే అది మా తాతయ్య పేరు. తాత పేరు మనవడికి పెట్టడం మా వైపు మామూలే కానీ దాని వల్ల వచ్చే తిప్పలు ఎవరూ ముందు ఆలోచించరు. కోడలు మావగారి పేరు పలక్కూడదు, నానమ్మ మొగుడి పేరు పలక్కూడదు, మా నాన్నేమో కన్నతండ్రి పేరు పెట్టి "ఒరేయ్ సుబ్బారావూ, గాడిదా" అని ఎలా తిడతాడు, అదీ ఆయన అరుగు మీద కూర్చుని వింటుండగా. అందుకని అమ్మకి నేను చిన్నా, నానమ్మకి బుల్లోడు, నాన్నకి "వీడు". తాతయ్య ఒక్కడే కొంచెం గర్వంగా "ఏరా నా పేరోడా" అనేవాడు.

ఓసారి నాకు గవదబిళ్ళలు వస్తే అమ్మ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. చీటీ రాసే ఆయన "అబ్బాయి పేరేంటమ్మా" అన్నాడు. అమ్మ "మా మావయ్యగారి పేరండి" అంది. ఆయన తల ఎత్తి, "మీ మావయ్యగారి పేరేంటి" అన్నాడు. అమ్మ నావైపు చూసింది. నాకు దవడలు వాచి నోరు పెగలట్లేదు. వెనక క్యూలో జనం. ఆఖరికి అమ్మ "ఆ అత్తిలి స్వామి పేరండి, షష్ఠి చేస్తారు చూడండి" అంటే, ఆయన కాసేపు బుర్ర గోక్కుని "సుబ్రహ్మణ్యం" అని రాసి పడేశాడు. ఆ చీటీ మీద వారం రోజులు నేను సుబ్రహ్మణ్యాన్ని.

అమ్మ చెప్పింది తప్పేం కాదు, పేరు అక్కణ్ణించి వచ్చిందే. తాతయ్య కంటే ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కకపోతే వాళ్ళమ్మ అత్తిలి సుబ్బారాయుడికి మొక్కుకుందట, పిల్లాడు నిలిస్తే నీ పేరే పెట్టుకుంటా స్వామీ అని. గోదావరి వాళ్ళకి అత్తిలి, కృష్ణా వాళ్ళకి మోపిదేవి, ఎటు తిరిగినా ప్రతి వీధిలో ఒక సుబ్బారావో సుబ్బలక్ష్మో ఉండటానికి కారణం ఇలాంటి మొక్కులే. మార్గశిరంలో షష్ఠి తీర్థానికి తాతయ్య నన్ను తీసుకెళ్ళేవాడు, నాకు దేవుడి కంటే జీళ్ళు, ఖర్జూరాల కొట్లే గుర్తు. నాగులచవితికి పుట్టలో పాలు పోసి చలిమిడీ చిమ్మిలీ పెట్టి ఆ పుట్టమన్ను చెవులకి రాసేవాళ్ళు, నా చెవికి రాసేటప్పుడు మాత్రం నానమ్మ "స్వామీ, నీ పేరోడే, చూసుకో" అనేది. స్వామికీ పేరోణ్ణే, తాతకీ పేరోణ్ణే, నాకంటూ సొంతంగా ఏం లేదన్నమాట.

బడిలో ఇంకో రకం బాధ. మా క్లాసులో ముగ్గురు సుబ్బారావులం. పొడుగు సుబ్బారావు, ఈత సుబ్బారావు (వాడు కాలవ అవతలి గట్టు నించి ఈదుకుంటూ వచ్చేవాడు, బట్టలు పలకసంచీలో పెట్టి నెత్తిన కట్టుకుని), నేను ఉత్త సుబ్బారావు. లెక్కల పుస్తకంలో మామిడిపళ్ళు కొని సగం కుళ్ళబెట్టుకునేవాడి పేరు సుబ్బారావు. సినిమాలో తన్నులు తినే గుమాస్తా సుబ్బారావు. వీటన్నిటికీ తోడు "సుబ్బి పెళ్ళి ఎంకి చావుకొచ్చింది" అనే సామెత ఒకటి, నేను ఏ పని మొదలుపెట్టినా ఎవడో ఒకడు వెనక నించి ఆ ముక్క అందుకునేవాడు.

పదో క్లాసుకి వచ్చేసరికి ఇక భరించలేకపోయా. 1993 అది. క్లాసులో కిరణ్‌లు, రాజేష్‌లు వచ్చేశారు, నేనొక్కణ్ణే ఏదో ముసలాడి చొక్కా తొడుక్కున్నట్టు. పబ్లిక్ పరీక్షలకి నామినల్ రోల్స్ రాస్తున్నారు, అందులో ఏ పేరు పడితే అదే సర్టిఫికెట్లో జీవితాంతం ఉంటుంది అని మా క్లాస్ టీచర్ చెప్పారు. ఆ సాయంత్రం ధైర్యం చేసి ఆయన దగ్గరికెళ్ళి "సార్, నా పేరు సుభాష్ అని రాయండి సార్, ఇంట్లో ఒప్పుకున్నారు" అని అబద్ధం చెప్పేశా. ఆయన సరేనని తలూపి, మర్నాడు పొద్దున్నే సైకిలేసుకుని సరాసరి మా ఇంటికొచ్చి మా తాతయ్య ముందే కూర్చున్నారు.

నాన్నయితే ఆ రోజు బెల్టు తీసేవాడే. తాతయ్య టీచర్ గారికి కాఫీ ఇప్పించి పంపించి, నన్ను పిలిచి ఏమీ అనకుండా లోపలికెళ్ళి ట్రంకుపెట్టెలోంచి ఒక పుస్తకం తెచ్చాడు. ఆయన చాలా ఏళ్ళు రైసుమిల్లులో గుమాస్తాగా చేశాడు, మిల్లులో వాడి పారేసిన పాత చిట్టాపుస్తకం అది, ఎర్రగుడ్డ అట్ట, పొడుగ్గా, నిలువు గీతలు. ఒకపక్క జమ, ఒకపక్క ఖర్చు అని రాసుండే కాగితాల మీద పేపరు ముక్కలు అతికించి ఉన్నాయి. మైదాపిండి జిగురు ఆయనే ఉడకబెట్టుకునేవాడు, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవాడు, అందుకని ఆ పుస్తకం తెరిస్తే ఒక రకమైన వాసన, కాగితాల అంచుల్లో అక్కడక్కడా నీలం మరకలు. చిన్నప్పుడు ఆయన ఏదో కత్తిరించి అతికిస్తుంటే లెక్కలు రాసుకుంటున్నాడు అనుకునేవాణ్ణి. అన్నీ సుబ్బారావులే. ఎక్కడ సుబ్బారావు అని కనపడితే అది కత్తిరించి అతికించి పక్కన ఇంటిపేరు, ఊరు, ఏం చేశాడు అని గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టాడు.

"మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడ్రా వీడు, మూడోసారికి పాసయ్యాడు. పేరు మాత్రం మార్చుకోలా" అని మొదటి పేజీ చూపించాడు.

అది యల్లాప్రగడ సుబ్బారావు. మా భీమవరంలో పుట్టినవాడు, 1895లో. చిన్నప్పుడు కాశీ పారిపోయి యాత్రికులకి అరటిపళ్ళు అమ్ముకుని బతుకుదామనుకున్నాడట, వాళ్ళమ్మ వెనక్కి లాక్కొచ్చింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ గాంధీగారి మాట మీద ఖద్దరు గౌను తొడుక్కుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్తే సర్జరీ దొరగారికి మండింది, దాంతో ఎంబీబీఎస్ ఇవ్వకుండా ఎల్ఎంఎస్ అని కింది డిగ్రీ చేతిలో పెట్టి పంపారు. అన్నదమ్ముల్ని స్ప్రూ అనే విరేచనాల జబ్బు తీసుకుపోయింది. 1922లో మావగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో చదువుకుంటూ రాత్రిళ్ళు ఆస్పత్రిలో పోర్టరు పని చేశాడు. రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి 1925లో ఫిస్కే అనే ఆయనతో కలిసి కనిపెట్టాడు, దాన్ని ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారో మెథడ్ అంటారు. మన కండరాలకి శక్తినిచ్చే ఏటీపీ బయటపడటంలోనూ ఆయన చెయ్యుంది. తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీలో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్, కేన్సర్‌కి ఇచ్చే మెథోట్రెక్సేట్ దాకా తీసుకెళ్ళిన పని, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్. 1948లో 53 ఏళ్ళకి నిద్రలోనే పోయాడు. మళ్ళీ ఈ దేశం మొహం చూడలేదు.

ఇదంతా ఆ రోజు నాకు ఎక్కలేదు లెండి. నాకు ఎక్కింది రెండుసార్లు తప్పాడన్న ముక్క ఒక్కటే. ఆ ఏడు నాకు లెక్కలంటే మహా భయం. తప్పినవాడు కూడా హార్వర్డ్‌కి వెళ్ళొచ్చన్నమాట అని ఏదో ధైర్యం వచ్చింది, పేరు సంగతి మర్చిపోయా. అలా నామినల్ రోల్స్‌లో సుబ్బారావునే మిగిలిపోయా, లెక్కల్లో 41 వచ్చాయి.

ఆ తర్వాత ఆ పుస్తకం మా ఇద్దరిదీ అయిపోయింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద చాప వేసి కూర్చునేవాళ్ళం. ఆయనకి చత్వారం, నేను చదివి వినిపించాలి. పుస్తకంలో చేరడానికి ఆయన పెట్టిన నిబంధనలు కూడా గట్టివే, ఊరికే సుబ్బడు అయితే చాలదు, చివర రావు ఉండాలి. సుబ్బారెడ్డి కుదరదు, సుబ్బరాజు కుదరదు, సుబ్బరామయ్య అసలే కుదరదు. ఈ విషయంలో నానమ్మతో పెద్ద గొడవే అయింది ఓసారి. ఎమ్మెస్ సుబ్బులక్ష్మిని కూడా అతికించమంది ఆవిడ. తాతయ్య ససేమిరా అన్నాడు, "ఆవిడ రావు కాదే" అని. నానమ్మ బియ్యం ఏరుకుంటూ తల కూడా ఎత్తకుండా "మీ రావులెవరూ రారు, ఆవిడ మాత్రం రోజూ పొద్దున్నే రేడియోలో వస్తుంది" అంది. తాతయ్య దగ్గర దానికి జవాబు లేదు, అయినా అతికించలేదు.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీ ఒకటుంది, పైన ఎర్ర సిరాతో 1895 అని రాసి కింద రెండు గీతలు గీశాడు. ఒకే ఏడాది ముగ్గురు సుబ్బారావులు పుట్టారని ఆయన పరిశోధన. ఒకరు భీమవరం డాక్టరు. రెండో ఆయన నండూరి సుబ్బారావు, ఏలూరు దగ్గర వసంతవాడ, ఏలూరులో ప్లీడరు, ఎంకిపాటలు రాసినాయన. మద్రాసులో చదువుకునే రోజుల్లో ట్రామ్ బండిలో వస్తుంటే మొదటి పాట పల్లవి తట్టిందంటారు. మూడో ఆయన గోవిందరాజుల సుబ్బారావు, తెనాలిలో డాక్టరు, నాటకాల పిచ్చి, తర్వాత సినిమాల్లో కన్యాశుల్కం లుబ్ధావధాన్లు, షావుకారు చెంగయ్య. మనుషుల్ని బతికించే మందులొకరు, మనసుని పట్టుకునే పాట ఒకరు, పిసినారి మొహం ఒకరు, ముగ్గురూ ఒకే ఏడు, ఒకే పేరు, ఇద్దరు మా జిల్లా వాళ్ళే. ఆ ఏడు ఎవరో గట్టిగా షష్ఠి చేసుంటార్రా అనేవాడు తాతయ్య.

ఎంకిపాటల పేజీ దగ్గరే నేను నా సామెత బాధ వెళ్ళబోసుకున్నా, సుబ్బి పెళ్ళి ఎంకి చావుకొచ్చిందని క్లాసులో ఏడిపిస్తున్నారని. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "సుబ్బి వల్ల ఎంకి చచ్చిందేమో నాకు తెలీదు గానీ సుబ్బారావు వల్ల ఎంకి బతికిందని చెప్పరా వాళ్ళకి" అన్నాడు. మర్నాడు క్లాసులో చెప్పా. ఒక్కడికీ అర్థం కాలేదు. తెలుగు మేష్టారు మాత్రం పక్క క్లాసు నించి విని వచ్చి ఎవరు చెప్పార్రా ఇది అని అడిగి, నా భుజం తట్టి వెళ్ళారు. ఆ తట్టుడు ఇప్పటికీ భుజం మీద ఉన్నట్టే ఉంటుంది.

అసలు ఆ కాలంలో కవిత్వం రాయాలంటే సుబ్బారావు అయ్యుండాలని చట్టం ఏమైనా ఉందా అని నా డౌటు. నండూరి ఒకరు, రాయప్రోలు సుబ్బారావు ఇంకొకరు, నాయని సుబ్బారావు మరొకరు. భావకవిత్వానికి దారి వేసింది రాయప్రోలు, మనం ఆగస్టు 15కి బడిలో పాడే ఏ దేశమేగినా ఆయనదే, చాలాకాలం ఉస్మానియాలో తెలుగు చెప్పారు. నాయని వారిది పొదిలి, వాళ్ళమ్మాయి నాయని కృష్ణకుమారి గారు జానపద సాహిత్యంలో పెద్ద పేరు, తెలుగు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ కూడా చేశారు. తాతయ్య ముగ్గుర్నీ ఒకే పేజీలో పక్కపక్కన అతికించి కింద "ఇంటిపేరు లేకపోతే ఎవరి పద్యం ఎవరిదో" అని రాశాడు. నిజమే కదా, మనకి ఇంటిపేరు ముందుండేది ఇందుకేనేమో.

స్పెల్లింగు మీద కూడా ఆయనకి ఒక పేజీ ఉంది. ఇంగ్లీషులో యల్లాప్రగడ వారు చివర డబ్ల్యూ పెట్టుకున్నారు, అడయారు దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు నెత్తిన పెట్టుకున్న కాకినాడ తల్లాప్రగడ సుబ్బారావు కూడా డబ్ల్యూనే, ఆయన 1856లో పుట్టి 34 నిండకుండానే పోయాడు. ఆ సమాజం పెట్టిన బ్లావట్‌స్కీ, ఆల్కాట్‌లు మద్రాసు రావడానికి ఆయనే కారణం. అదే 1856లో పుట్టిన న్యాపతి సుబ్బారావు పంతులు గారు, 1878లో ది హిందూ పత్రిక పెట్టిన ఆరుగురు కుర్రాళ్ళలో ఒకరు, తర్వాత రాజమండ్రిలో స్థిరపడి ఆంధ్రభీష్ముడు అనిపించుకున్నాడు, ఆయనది మామూలు రావు. రావుని రో అని ఎందుకు రాశారు తాతయ్యా అంటే, దొరలకి నోరు తిరక్క అన్నాడు. అది నిజమో కాదో గానీ నేనూ కొన్నాళ్ళు నోటుబుక్కుల మీద డబ్ల్యూ పెట్టి రాసుకున్నా, స్టైలుగా ఉంటుందని.

కోకా సుబ్బారావు గారి పేజీకి నూనె మరక ఉంది. అది పకోడీల పొట్లం. 1967లో తాతయ్య మిల్లు నించి వస్తూ పకోడీలు కొనుక్కుంటే పొట్లం విప్పాక కాగితం మీద సుబ్బారావు కనిపించాడట, పకోడీలు వేరే ఆకులో పోసి ఆ కాగితం ఎండలో ఆరబెట్టి అతికించాడు. రాజమండ్రి మనిషి, ఆంధ్ర హైకోర్టు గుంటూరులో పెట్టినప్పుడు మొదటి చీఫ్ జస్టిస్, తర్వాత దేశానికే చీఫ్ జస్టిస్. ప్రాథమిక హక్కుల జోలికి పార్లమెంటు కూడా రాకూడదని గోలక్‌నాథ్ కేసులో 6-5 తేడాతో తీర్పిచ్చి, రెండు నెలలు తిరక్కుండా రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో జాకీర్ హుస్సేన్ మీద నిలబడి ఓడిపోయాడు. జడ్జీగిరీ వదిలి ఎన్నికల్లోకి ఎందుకెళ్ళాడో అని తాతయ్యకి చివరిదాకా గుర్రుగానే ఉండేది, జమ వైపు తీర్పు, ఖర్చు వైపు పోటీ రాశాడు. మిల్లు గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఒంటిమిట్ట వావిలికొలను సుబ్బారావు గారి దగ్గరికొస్తే మాత్రం ఆయన గొంతు మారేది. కడప జిల్లా. వాల్మీకి రామాయణం మొత్తం తెలుగు పద్యాల్లో రాసి ఆంధ్రవాల్మీకి అనిపించుకున్న పండితుడు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పని చేసినవాడు, ఒంటిమిట్ట కోదండరాముడి గుడి పాడుబడిపోతే చేత్తో టెంకాయచిప్ప పట్టుకుని ఊరూరా అడుక్కుని బాగు చేయించాడు. ఆ చిప్ప మీద శతకం కూడా చెప్పాడు. "కాలేజీ పండితుడు చిప్ప పట్టుకున్నాడ్రా, నువ్వు పేరు చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నావ్" అని ఒక్కసారే అన్నాడు నాతో. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ ఒప్పుకోలేదు, పొగ అన్నా.

సుబ్బారావు పాణిగ్రాహిది చిన్న ముక్క ఉంది, బొడ్డపాడులో గుడి పూజారి, జముకుల కథ చెప్పినవాడు, శ్రీకాకుళం నక్సలైట్ల పోరాటంలో 1969 డిసెంబర్లో చంపేశారు. దాని పక్కన తాతయ్య ఏమీ రాయలేదు. అడిగితే పేజీ తిప్పేశాడు.

ఇన్ని చెప్పినా నానమ్మకి ఈ పుస్తకం అంటే చులకనే. ఆవిడకి ఎడమకాలు బోదకాలు. మా పక్క ఊళ్ళల్లో అప్పట్లో ప్రతి ఇంట్లో ఒకరికి ఉండేది, కాలవలూ దోమలూ మరి. వాచిన కాలు పీట మీద పెట్టుకుని కూర్చునేది. ఆరోగ్య శాఖ వాళ్ళు ఇంటింటికీ వచ్చి డీఈసీ మాత్రలు మింగించేవాళ్ళు, అవి మింగితే వాచిన కాలు తగ్గిపోదు, ఒంట్లో ఉన్న పురుగు సంతానం చస్తుంది, ఇంకొకళ్ళకి పాకదు. ఆ మాత్ర కూడా యల్లాప్రగడ వారి బృందం లెడర్లీలో పట్టుకున్నదే, హెట్రజాన్ అని. తాతయ్యకి ఈ సంగతి తెలిసిన రోజు చూడాలి, పేపరు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాడు, "నీ కాలికి మందు కనిపెట్టింది ఎవరో తెలుసా" అని. నానమ్మ నింపాదిగా "ఆ కనిపెట్టినాయన పెళ్ళాన్ని ఇక్కడ వదిలేసి పోయి మళ్ళీ రాలేదన్నారు కదా మీరే. ఇక్కడున్నాయనేమో కాలు పట్టమంటే పేపర్లు కత్తిరించుకుంటాడు" అంది. ఒక్క వాక్యంలో ఇద్దరు సుబ్బారావుల్ని పేరు పలక్కుండా తిట్టడం ఆవిడకే చెల్లింది. ఆ రాత్రి తాతయ్య కొబ్బరినూనె గిన్నె పట్టుకుని ఆవిడ కాలి దగ్గర కూర్చోవడం నేను కిటికీలోంచి చూశా.

1995 చివర్లో యల్లాప్రగడ వారి శతజయంతికి పోస్టల్ స్టాంపు వేశారు. తాతయ్య తణుకు పోస్టాఫీసుకి నాలుగుసార్లు తిరిగాడు దానికోసం, నాలుగోసారికి దొరికింది. ఒకటి పుస్తకంలో, ఒకటి నాకు. నాది నేను పోగొట్టా, అది వేరే కథ.

తర్వాత నేను హైదరాబాద్ వచ్చేశా, ఉద్యోగం, పెళ్ళి. ఆఫీసులో అందరూ నన్ను రావ్ అనేవాళ్ళు, నేనూ దిద్దలేదు. ఓసారి తాతయ్యని మోకాళ్ళ నొప్పులకి నిమ్స్ ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టర్ని చూడటం మానేసి కాకర్ల సుబ్బారావు గారు ఏ గదిలో కూర్చునేవారో చూపించమని అటెండర్ వెంట పడ్డాడు. కృష్ణా జిల్లా పెదముత్తేవి ఆయనది, అమెరికాలో పెద్ద రేడియాలజిస్టు, అక్కడి తెలుగువాళ్ళ సంఘం తానాకి మొదటి అధ్యక్షుడు, ఎన్టీ రామారావు గారు పిలిస్తే అక్కడ అన్నీ వదులుకుని వచ్చి నిమ్స్‌ని నిలబెట్టాడు. "ఒక సుబ్బారావు వెళ్ళి రాలేదు, ఒక సుబ్బారావు వెళ్ళి వచ్చాడు, లెక్క సరిపోయింది" అన్నాడు తాతయ్య ఆటోలో. ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుని.

2008 సెప్టెంబర్ 5న దువ్వూరి సుబ్బారావు గారు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అయ్యారు. ఏలూరులో పుట్టినాయన, కోరుకొండ సైనిక్ స్కూలు, 1972లో ఐఏఎస్ ఫస్టు ర్యాంకు. కుర్చీలో కూర్చున్న పది రోజులకి అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలి ప్రపంచం తల్లకిందులైంది. మా ఆఫీసులో ఉద్యోగాలు పోతాయేమో అని నేను హడలి చస్తుంటే తాతయ్య ఫోన్ చేసి "ఒరే, నోటు మీద మన పేరు పడుతుందా" అని అడుగుతాడు. పడుతుంది తాతయ్యా అన్నా. మరుసటి ఏడు ఎప్పుడో నా చేతికి ఒక పది రూపాయల కొత్త నోటు వచ్చింది, ఎవరో షాపు ఆయన చిల్లరగా ఇచ్చాడనుకుంటా, దాని మీద డి. సుబ్బారావు అని సంతకం. పర్సులో వేరే అరలో దాచి ఊరికి తీసుకెళ్ళా.

అప్పటికి ఆయనకి 86. చూపు ఆనట్లేదు. భూతద్దం పెట్టుకుని సంతకం మీద వేలితో రాసుకున్నాడు. తర్వాత మైదా ఉడకబెట్టమన్నాడు అమ్మని. నానమ్మ మంచం మీద నించే "డబ్బులు అతికించేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా, ఆ పదీ పెడితే కొత్తిమీర వస్తుంది" అని సణుగుతూనే ఉంది. ఆయన చెయ్యి వణుకుతోంది, నోటు కొంచెం వంకరగా పడింది, నేను సరిచెయ్యబోతే వద్దన్నాడు. జమ వైపు అతికించాడు. ఆ పుస్తకంలో ఆయన అతికించిన ఆఖరిది అదే, 2010 వేసవిలో వెళ్ళిపోయాడు.

పుస్తకం నా దగ్గరికొచ్చింది. చాలా ఏళ్ళు అటక మీదే ఉంది. 2017 ఆగస్టులో వ్యక్తిగత గోప్యత కూడా ప్రాథమిక హక్కే అని సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు చెప్పినప్పుడు, 1962లో ఖరక్ సింగ్ కేసులో కోకా సుబ్బారావు గారు మైనారిటీలో ఉండి చెప్పిన మాటే సరైనదని అన్నారు. యాభై అయిదేళ్ళ తర్వాత. పేపరు చూసి ఫోన్ తీశా, తాతయ్యకి చేద్దామని. తీసి మళ్ళీ పెట్టేశా. ఆ రోజే అటకెక్కి పుస్తకం దింపి నూనె మరక పక్కన ఆ ముక్క అతికించా. 2021 ఏప్రిల్లో కాకర్ల వారు పోయినప్పుడు ఇంకోటి. కరోనా రోజులు, ఇంట్లో పిల్లల గ్లూ స్టిక్ ఉంటే దానితోనే కానిచ్చేశా.

మొన్న అమ్మ మా ఇంటికొచ్చింది. డెబ్భై దాటాయి ఆవిడకి. బ్యాంకులో నామినీ ఫారం నింపాలంటే తీసుకెళ్ళా. కౌంటర్లో అమ్మాయి "నామినీ పేరు చెప్పండమ్మా" అంది. మావగారు పోయి పదిహేనేళ్ళు దాటింది కదా, ఇంకా ఏముందిలే, ఇప్పుడైనా అంటుందేమో అని నేను పక్కన ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించి నిలబడ్డా. అమ్మ బ్యాగులోంచి నా ఆధార్ జిరాక్సు తీసి ఆ అమ్మాయి ముందు పెట్టి, వేలు చూపించి "ఇదిగోనమ్మా, ఇది" అంది.

ఇంటికొచ్చాక ఆవిడే పుస్తకం అడిగింది, చూస్తానని. తెరిస్తే నేను అతికించిన రెండు ముక్కలూ ఊడి ఆమె ఒళ్ళో పడ్డాయి. తాతయ్యవి ఒక్కటి కదల్లేదు, నోటుతో సహా. అమ్మ ఆ ముక్కలు ఏరి సర్దుతూ "మైలుతుత్తం వెయ్యకపోతే ఆగదు చిన్నా" అంది. వంటింట్లో మైదా ఉంది. మైలుతుత్తం ఈ ఊళ్ళో ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవాలి.